చివర తెరవాల్సిన పెట్టె

లెక్కించిన ఓట్ల కట్టలకు సీలు వేయడానికి ఈ ఉదయం మా బ్లాక్ ఆఫీసులో లక్క కరిగించారు. ఆ వాసన తగలగానే సుభద్ర మేడం గుర్తొచ్చి ప్రాణం ఉసూరుమంది. నేను గుమాస్తాగా చేరిన కొత్తలో పంచాయతీ ఎన్నికల లెక్కింపు ఏర్పాట్లన్నీ ఆవిడే చూసేవారు. సొంతూరు సరిహద్దులోని భోపాల్‌పట్నం కావడంతో, ఆఫీసంతా హిందీలో నడిచినా మమ్మల్ని చక్కగా తెలుగులోనే తిట్టేవారు. బల్ల కాస్త వంకరగా వేసినా ఆ పూటకు మా పని అయిపోయినట్టే.

అడవి లోపలి ఊళ్ళలో ఓట్లు అక్కడికక్కడ లెక్కపెట్టే వీలు లేక పెట్టెలన్నీ ఇక్కడికే తెస్తారు. వాటిని ఏ వరుసలో తెరవాలో పైనుంచి ఆదేశం వస్తుంది. ఆ ఏడు పామేడు అవతలి ఊరి పెట్టె మొదట్లోనే పడింది.

"ఏందిది? ఆ ఊరోళ్ళు నడిచొచ్చేసరికి లెక్క అయిపోతది. దాన్ని చివర పెట్టు," అన్నారు మేడం.

"పైవాళ్ళ వరుస మేడం."

"పైవాళ్ళు నడుస్తరా ఆ దారిల?"

లెక్కింపు రోజు పొద్దు వాలేసరికి ఆ ఒక్క పెట్టే మిగిలింది. త్వరగా ముగించమని పై అధికారి ఒకటే ఫోన్లు. మేడం కదల్లేదు. పోలింగ్ ముగిశాక పెట్టెకు వేసిన సీలు గట్టిపడకముందే లక్క మీద పోటీదారులు తమ గుర్తు కూడా వేసుకోవచ్చు. ఆ ఊరి నుంచి సర్పంచికి నిలబడ్డ లచ్చమ్మ తన కాలి మెట్టె అద్దింది. "ఆమె చూడకుండ ఆ సీలు పగలగొట్టను సార్," అని మేడం ఫోన్ పెట్టేశారు.

చివరికి లచ్చమ్మ వచ్చింది, మోకాళ్ళ దాకా దుమ్ముతో. మెట్టె తీసి లక్క మీది అచ్చులో పెట్టి చూసుకుంది. "నాదే. తెరువుండ్రి," అంది. కొద్ది ఓట్లతో ఓడిపోయింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "పోతే పోయింది అక్కా, నా కండ్లతోటి చూసిన," అని మేడం చేయి పట్టుకుంది. ఆ మాటకు నాకే దుఃఖం ఆగలేదు.

ఆలస్యం చేశారని మేడంని బదిలీ చేశారు. తర్వాతి ఎన్నికల్లో ఆ పెట్టెను పైవాళ్ళ వరుసలోనే తెరిచేశారు. మళ్ళీ పోటీ చేసిన లచ్చమ్మ వచ్చేసరికి బల్ల మీద పగిలిన లక్క ముక్కలే ఉన్నాయి. వాటిని ఏరి, దగ్గరికి చేర్చి, మెట్టె ఆనించి చూసింది. ముక్కలైన అచ్చు కుదరలేదు. ఓడిపోయావని చెబితే మెట్టె కాలికి పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ సంగతి ఫోన్లో చెప్పినప్పుడు మేడం తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ తర్వాత ఎంతో కాలం ఆవిడ బతకలేదు.

ఈసారి వరుస వేసే పని పైవాళ్ళు నాకే వదిలేశారు. ఆ పెట్టెను చివరే పెట్టాను. సాయంత్రమైంది, ఆ ఊరి నుంచి ఎవరూ రాలేదు. పెట్టె మీది లక్క నున్నగా ఉంది, లచ్చమ్మ మెట్టెదే కాదు, ఎవరి గుర్తూ లేదు.

"ఇంకా ఎవరి కోసమండీ?" అని విసుక్కున్నాడు కొత్త అధికారి.

"కాసేపు చూద్దాం సార్," అని తలుపు దగ్గరికి వెళ్ళి దారి వైపు చూస్తూ నిలబడ్డాను.