నా చేతికి నడవని వాచీ

ముప్పయ్యేళ్ళు దాటేదాకా నాకు చేతివాచీ లేదు. గురజాల కోర్టులో నకళ్ళు రాసే గుమాస్తాను. గోడ గడియారం సరిగ్గా నా నెత్తిమీదే ఉండేది కాబట్టి వాచీ లేని లోటు కూడా తెలియలేదు. ఎనభైల మొదట్లో మా బావమరిది తన పాత వాచీ తెచ్చి నాకిచ్చాకే కష్టాలు మొదలయ్యాయి.

అతను పిడుగురాళ్ళ నుంచి సున్నం లారీ తోలేవాడు. మద్రాసులో కొత్త వాచీ కొనుక్కున్నాడు. పాతది ఆటోమేటిక్. గొప్ప ఖరీదైనదేమీ కాదు, అతనిలాంటివాళ్ళు కొనుక్కోగలిగినదే. దానికి పిన్ను తిప్పి కీ ఇచ్చే ఏర్పాటు లేదు. లోపల అరచందమామలాంటి రేకు ఒకటుంటుంది. చెయ్యి కదిలినప్పుడల్లా అది తిరిగి స్ప్రింగును బిగిస్తుంది.

"చేతికుంటే చాలు బావా, దానంతట అదే నడుస్తది. ఐదేళ్ళు నాతో తిరిగింది, ఒక్కపూట ఆగలా," అన్నాడు మా బావమరిది.

నా దగ్గర మూడోనాడు ఆగింది. ఆదివారం భోంచేసి, కాసేపు నడుం వాల్చి లేచి చూస్తే ఒంటిగంటన్నర. ఇంత తొందరగా మెలకువ వచ్చిందేమిటని మళ్ళీ పడుకున్నాను. రెండోసారి లేచి చూసినా ఒంటిగంటన్నరే. అప్పటికి మా ఆవిడ దీపం పెడుతోంది.

మర్నాడు చెయ్యి విదిలిస్తే నడిచింది. కోర్టులో మధ్యాహ్నానికి మళ్ళీ ఆగింది. ఆ వారమంతా ఇదే వరస. ఇక లాభం లేదని సెలవు పెట్టి నరసరావుపేట బస్సెక్కాను. అక్కడ బస్టాండు దగ్గర ఒక ముసలి సాయిబు గారు వాచీలు బాగుచేసేవారు. అందరూ భాయ్ అనేవాళ్ళు, నేనూ అలాగే పిలిచాను. ఆయన కంటికి అద్దం బిగించుకుని, వాచీని చెవి దగ్గర పెట్టుకుని విన్నారు.

"నడుస్తందిగా," అన్నారు.

చూస్తే నిజంగానే నడుస్తోంది.

"నిన్న ఆగింది భాయ్."

"నిన్న ఆగితే నిన్న తేవాల."

అయినా వెనక మూత విప్పారు. తెల్ల కాగితం మీద దులిపితే సన్నటి సున్నప్పొడి రాలింది. "దీంతో వంటింటికి ఒక పూత వెయ్యొచ్చు," అన్నారు. శుభ్రం చేసి, నూనె చుక్కలేసి, గీతలు పడ్డ పాత అద్దం తీసి వేరే అద్దం బిగించారు. అది కాస్త ఉబ్బెత్తుగా ఉండటంతో అంకెలన్నీ ఉగాది కొత్తబట్టలు కట్టుకున్నట్టు కనిపించాయి. సంతోషంగా ఇంటికొచ్చాను. మూడోనాటికి వాచీ ఆగింది.

మళ్ళీ వెళ్ళాను. భాయ్ చేతిలో పెట్టేసరికి టిక్కు టిక్కుమంటోంది. నాకు తల కొట్టేసినట్టయింది. మూడోసారి వెళ్ళినప్పుడు గురజాలలో ఆగి ఉన్న వాచీని మా పక్కింటాయనకు చూపించి, సాక్ష్యం పెట్టుకుని మరీ బస్సెక్కాను. నరసరావుపేటలో దిగేసరికి నడుస్తోంది.

భాయ్ ఈసారి వాచీని చూడలేదు, నన్ను చూశారు.

"ఏం పని చేస్తావ్ నాయనా?"

"కోర్టులో నకళ్ళు రాస్తాను."

"వాచీ ఏ చేతికి?"

"ఎడమ చేతికి."

"రాసేటప్పుడు ఎడమ చెయ్యి ఏం చేస్తది?"

ఆలోచించాను. "కాగితం ఎగరకుండా ఆనుకుని ఉంటుంది," అన్నాను.

ఆయన ఒక స్టూలు చూపించి, పేపరు చేతికిచ్చి కూర్చోమన్నారు. తన పని తాను చేసుకుంటూ మధ్యమధ్య నా వంక చూస్తూ ఉన్నారు. దాదాపు రెండు గంటలు గడిచాయి. చివరికి కంటి అద్దం తీసి పక్కన పెట్టారు.

"వాచీకి ఏ జబ్బూ లేదు. నీకే ఉంది. పేజీ తిప్పడానికి తప్పితే చెయ్యి ఎత్తలా నువ్వు. ఈగ వాల్తే కూడా ఊదావు గానీ తోలలా. మీ డ్రైవరు చేతికి లారీ కుదుపులు. ఇక్కడికొచ్చేటప్పుడు నీకు బస్సు కుదుపులు. ఆ గుంటల్లో శవం చేతికి కట్టినా నడుస్తది."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు కోపం రావాల్సింది గానీ, నాలుగు వారాలుగా పీడిస్తున్న చిక్కుముడి విడిపోయిన సంతోషంలో నేనూ నవ్వాను.

"మరి దారేమిటి భాయ్?"

"రేకు బరువు పెంచితే చిన్న కదలికకే తిరుగుద్ది. ఎప్పుడూ చెయ్యలా. చేసి చూద్దాం," అన్నారు. ఆయన ముఖంలో కొత్త వెలుగు వచ్చింది. ఆ అరచందమామ రేకు అంచుకు పిసరంత సీసం అతికించి, అరగదీసి, మళ్ళీ అతికించి, సాయంత్రానికి నా చేతికిచ్చారు. అది నిజంగానే ఆగలేదు. అయితే చెయ్యి కదిపినప్పుడల్లా రేకు వెనక మూతకు రాసుకుని గర్రుమనేది.

బజారులో ఆ చప్పుడు వినపడదు. కోర్టులో వినపడింది. ఒకరోజు ఏదో కాగితం అందించడానికి హాల్లోకి పిలిచి, పక్కన నిలబడమన్నారు. బెల్లంకొండ రైతొకాయన గట్టు తగాదాలో సాక్ష్యం చెబుతున్నాడు. అంతా నిశ్శబ్దం. నేను ముక్కు గోక్కున్నాను. గర్రుమంది. విచారణ జరుపుతున్న మునసబు గారు తలెత్తారు. నేను చెయ్యి దించాను. మళ్ళీ గర్రుమంది.

"ఎలుక," అన్నారాయన.

బంట్రోతు బీరువా వెనక వెతికాడు. ప్లీడర్లు పంచెలు కొంచెం పైకెత్తి కాళ్ళకింద చూసుకున్నారు. నిజం చెబుదామనుకునేలోపే బీరువాను ముందుకు జరిపేశారు, ఇక చెప్పే ధైర్యం చాలలేదు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. అప్పుడు సాక్షి నా వైపు వేలు చూపించి, "ఎలక కాదయ్యా, ఆ గుమాస్తా చేతిలో ఏందో మూలుగుతంది," అన్నాడు.

వాచీ విప్పి బల్లమీద పెట్టాల్సి వచ్చింది. మునసబు గారు దాన్ని చెవి దగ్గర ఊపి చూసి, నవ్వు ఆపుకుని, "కోర్టు నడిచేటప్పుడు ఇది బయట ఉండాలి," అన్నారు. ఆ తర్వాత నెల రోజులు బంట్రోతు నేను ఎదురుపడితే పిల్లిలా మ్యావుమనేవాడు.

గర్రుమంటుందన్న భయంతో నేను చెయ్యి కదపడమే మానేశాను, దాంతో సీసం ఉన్నా వాచీ మళ్ళీ ఆగింది. ఇంట్లో మేకుకు తగిలించేశాను. దాన్ని చూసి జాలిపడింది మా ఆవిడే.

"చెయ్యి ఆడిస్తే చాలంటిరిగా. పొద్దున్నే రుబ్బేటప్పుడు నేను కట్టుకుంటా. మీరు ఆఫీసుకు పోయేటప్పుడు తీసుకుపోండి. సాయంత్రం దాకా నడవదా?"

ఇంత చిన్న ఉపాయం భాయ్‌కీ నాకూ తట్టలేదు. తను పొత్రం తిప్పే కుడిచేతికి వాచీ కట్టుకుని పిండి రుబ్బేది. పది గంటలకు నాకిచ్చేది. భోజనానికి కోర్టు వదిలేదాకా అది నిక్షేపంగా నడిచేది. కోర్టు హాల్లోకి పిలిస్తే విప్పి సొరుగులో పెట్టేవాణ్ణి. ఒక పదిరోజులు బాగానే సాగింది.

ఆ తర్వాత ఒకరోజు పదిగంటలకు చెయ్యి చాపితే, "ఇంకా నీళ్ళు తోడాల," అంది. మరోరోజు బట్టలు ఉతకాలంది. ఇంకోరోజు కారం దంచాలంది. దంచే కారం మా ఇంటిది కాదు, పక్కింటి వాళ్ళది. నేను ఉత్తచేత్తో కోర్టుకు పోవడం మామూలైపోయింది. సాయంత్రం వచ్చేసరికి గుమ్మంలో నలుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉండేవాళ్ళు. "టైమెంతయింది వదినా?" అని ఎవరో ఒకరు అడిగేవాళ్ళు. మా ఆవిడ వెంటనే చెప్పేది కాదు. ముంజేతి మీది కొంగు తీరిగ్గా తొలగించి, వాచీని వెలుతురుకు తిప్పి, కాసేపు చూసి, "ఐదూ ఇరవై రెండు," అనేది. ఆ రెండు నిమిషాలు కూడా వదిలేది కాదు. మాచర్ల బస్సు ఆలస్యమైతే డ్రైవర్ని నిలదీసిందని తర్వాత తెలిసింది.

"నా వాచీ నాకివ్వవా?" అన్నాను ఒకరోజు, ఉండబట్టలేక.

"మీ చేతికిస్తే చచ్చిపోద్దండీ," అంది. కోపంగా కాదు, పెంచిన కోడిపిల్ల గురించి చెప్పినట్టు చెప్పింది. పెళ్ళయి ఎనిమిదేళ్ళయినా తను నోరు తెరిచి నన్ను ఒక వస్తువు అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఇప్పుడు కూడా అడగలేదు, ఉంచేసుకుంది. ఎందుకో నాకది నచ్చింది.

ఆ తర్వాతి ఆదివారం ఇద్దరం నరసరావుపేట వెళ్ళాం. భాయ్ మా ఆవిడ చేతికున్న వాచీని, నా బోడి చేతిని చూసి, వాచీ తీసుకుని మూత విప్పారు. సీసం గీకేశారు. మా ఆవిడ చేతికి వదులుగా ఉన్న వాచీ గొలుసులోంచి నాలుగు ముక్కలు తీసి, సరిగ్గా సరిపోయేలా బిగించారు. తను చెయ్యి ఊపి, చెవి దగ్గర పెట్టుకుని విని, తలాడించింది.

భాయ్ ఆ నాలుగు ముక్కలూ కాగితంలో పొట్లం కట్టి నా చేతిలో పెట్టారు.

"ఇయ్యి నీవి," అన్నారు.