తెలుగులోకి కాపురానికి వచ్చిన ఏలియమ్మ మేడమ్

గత గురువారం మధ్యాహ్నం విజయవాడ ఆసుపత్రిలో మా గురువు ఏలియమ్మ మేడమ్ కన్నుమూశారు. ఆ సమయానికి నేను కింద మందుల షాపు దగ్గర ఉన్నాను. ఫోన్ మోగితే ఇంకేదో ఇంజెక్షన్ తెమ్మంటారనుకున్నాను. "అమ్మా, ఒకసారి పైకి రండి" అన్నారు వార్డులోంచి, అంతే. ఆ గొంతులోని నెమ్మది వినగానే మందుల సంచీ అక్కడే వదిలి మెట్లెక్కాను. వారం గడిచినా ఫోన్ మోగితే ఉలిక్కిపడుతూనే ఉన్నాను. నందిగామ డిగ్రీ కళాశాలలో ముప్పై ఏళ్లపాటు ఆంగ్ల సాహిత్యం బోధించి, మా చేత తెలుగును కూడా ప్రేమింపజేసిన ఆ విదుషీమణి ఇక లేరన్న దుర్వార్తను ఆమె శిష్యులకు చేరవేసే బాధ్యత నాపైనే పడింది. అంతకన్నా పెద్ద బాధ్యత మరొకటి పడింది. అందులో నేను చేసింది ఒప్పో తప్పో తేల్చుకోలేని కలతతోనే ఇది రాస్తున్నాను.

మేడమ్ మన ప్రాంతంలో పుట్టినవారు కారు. కేరళలో ఒక పల్లె ఆమె జన్మస్థలం. భర్తకు జగ్గయ్యపేట దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికితే, తెలుగులో ఒక్క అక్షరమైనా రాకుండా, ఇరవై మూడేళ్ల వయసులో ఇక్కడికి కాపురానికి వచ్చారు. నాలుగేళ్లకే ఆయన జబ్బుచేసి పోయారు. పిల్లలు లేరు. అన్నగారు వచ్చి, సామాను సర్దుకో, వెళ్దాం అన్నారు. అప్పటికి ఆమె నందిగామ కాలేజీలో లెక్చరర్‌గా చేరి ఏడాదైంది. పక్కింటి పంతులమ్మ దగ్గర పద్యాలు చదవడం మొదలుపెట్టి ఆర్నెల్లయింది. "ఈ భాష సగమే చదివాను. సగంలో వదిలేసి ఎలా రాను?" అన్నారట. అన్నగారు ఒక్కరే తిరిగి వెళ్లారు.

పుస్తకాల్లో నేర్చిన తెలుగు కావడంతో తొలిరోజుల్లో ఆమె మాట కూడా పుస్తకంలాగే ఉండేదట. జగ్గయ్యపేట బస్టాండులో కండక్టరును, "అయ్యా, ఈ బస్సు నందిగామ చేరునా?" అని అడిగారు. అతను క్షణం తెల్లబోయి, "చేరునమ్మా, త్వరగా ఎక్కుము!" అన్నాడు. బస్సంతా గొల్లుమంది. ఆమె దారి పొడుగునా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. మర్నాటి నుంచి పక్క సీట్లో ఎవరు కూర్చున్నా పలకరించి, వాళ్లన్న మాటలు చిన్న నోటుబుక్కులో రాసుకోవడం మొదలుపెట్టారు. ఆ అలవాటు చివరిదాకా పోలేదు.

మాది చిల్లకల్లు దగ్గర పల్లె. మా అమ్మ మిరపకోతలకు వెళ్లే కూలి. ఒకరోజు హైవే మీద లారీ బోల్తాపడి బస్సులు ఆగిపోయాయి. నేను ఇంటికి చేరలేదని అమ్మ ఎవరిదో ఆటో పట్టుకుని కాలేజీకే వచ్చేసింది. ఆమె మాటతీరు స్నేహితురాళ్లు ఎక్కడ వింటారోనని నాకు లోపల బెదురు. మేడమ్ మాత్రం స్టాఫ్ రూములో కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

"పిల్ల ఇంటికొచ్చేదాకా ఒకటే గుబులుగా ఉంటదండి" అంది అమ్మ.

"గుబులంటే భయమేనాండి?"

"భయం కాదండి. భయమైతే దేనికో తెలుస్తది. ఇది తెలవదు. ఊరికే లోపల మెలిపెడతా ఉంటది."

మేడమ్ నోటుబుక్కు తీసి ఆ మాటలన్నీ రాసుకున్నారు. "ఇన్నేళ్లుగా నాకున్నదాని పేరు ఇవాళ తెలిసిందమ్మా" అన్నారు. అమ్మ నవ్వింది. మా అమ్మ మాటలో సిగ్గుపడవలసిందేమీ లేదని నాకు ఆరోజే అర్థమైంది.

నిజంగానే ఆమెకు ఆ గుబులు ఎప్పుడూ ఉండేది. సాయంత్రం ఆఖరి ఆడపిల్ల బస్సెక్కేదాకా స్టాపు దగ్గరే నిలబడేవారు. మలయాళ కథలు ఎన్నో తెలుగు చేశారు. ఒక్కటీ అచ్చుకివ్వలేదు. ఎంత బతిమాలినా, "ఒక్క మాట తప్పుపడినా, ఈవిడది కాదు కదా ఈ భాష అంటారు" అనేవారు.

ఆ మాట నిజంగానే ఒకరన్నారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో విజయవాడలో ఒక సాహిత్య సభకు ఆమెను బలవంతంగా తీసుకెళ్లాను. అరగంట అద్భుతంగా మాట్లాడారు. అధ్యక్షుడు శాలువా కప్పి, "మీది కాని భాషలో ఇంత చక్కగా మాట్లాడారు" అని మెచ్చుకున్నాడు. తిరుగు ప్రయాణంలో మేడమ్ ఆ శాలువాను మడిచి సంచీలో పెట్టేశారు. కంచికచర్ల దాటాక మెల్లగా అడిగారు.

"ఎన్నేళ్లుంటే నాది అవుతుంది, సుహాసినీ?"

ఆమె ముఖం వైపు చూడలేకపోయాను.

చనిపోవడానికి పది రోజుల ముందు ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడి చేయి పడిపోయింది. మాట ఉంది, కానీ అందులో తెలుగు లేదు. ఇంగ్లీషూ లేదు. మలయాళం ఒక్కటే మిగిలింది. నలభై ఏళ్లుగా కూడబెట్టుకున్నదంతా అలా ఒక్కరోజులో తుడిచిపెట్టుకుపోతుందని నేనెప్పుడూ అనుకోలేదు. నన్ను చూసి, నా చేయి పట్టుకుని, మళ్లీ మళ్లీ ఒకటే అనేవారు: "వీట్టిల్ పోణం." నాకు 'వీటిలో' అన్నట్టు వినిపించింది. పుస్తకాలు అడుగుతున్నారనుకున్నాను. జగ్గయ్యపేట వెళ్లి అలమరలోని పుస్తకాలు సంచీనిండా తెచ్చాను. ఒక్కొక్కటీ చూపిస్తూ, "వీటిలో ఏది మేడమ్? ఇదా? ఇదా?" అన్నాను. ఆమె ఎడమ చేత్తో పుస్తకాలన్నీ పక్కకు తోసేశారు. కళ్లలో నీళ్లు. అంతగా ప్రేమించిన పుస్తకాలనే తోసేశారంటే ఇంకేదో అడుగుతున్నారని అప్పుడు తట్టింది.

పై అంతస్తులో కేరళ నర్సు ఒకరున్నారని తెలిసి, పరుగున వెళ్లి పిలుచుకొచ్చాను. ఆ అమ్మాయి మంచం మీదికి వంగి వింది. ఏదో అడిగింది. మేడమ్ ముఖం వెలిగిపోయింది. గబగబా చాలాసేపు మాట్లాడారు. నేను అక్కడే పరాయిదానిలా నిలబడ్డాను.

"ఇంటికెళ్లాలి అంటన్నారు మేడమ్," అంది నర్సు, వచ్చీరాని తెలుగులో.

"జగ్గయ్యపేటకేగా? నాలుగు రోజుల్లో తీసుకెళ్తానని చెప్పండి."

"కాదు. వాళ్లమ్మ ఇల్లు. అమ్మ చూస్తా ఉంటది, తొందరగా తీసుకెళ్లండి అని."

వాళ్లమ్మ పోయి పాతికేళ్లయింది. నేను ఎవరికీ చెప్పలేదు. కాస్త కోలుకోనీ, అప్పుడు చూద్దాం అనుకున్నాను. ఆమె కోలుకోలేదు.

శుక్రవారం జగ్గయ్యపేట చర్చిలో భౌతికకాయాన్ని ఉంచాం. ఎక్కడెక్కడినుంచో పాత విద్యార్థులు వచ్చారు. సమాధుల తోటలో ఆమె భర్త పక్కన గొయ్యి తవ్వడం పూర్తయింది. కేరళ నుంచి అన్నగారి కూతురు లిస్సీ అప్పుడే చేరుకుంది. మేనత్తను చిన్నప్పుడు రెండుసార్లు చూసిందట. ఏడుస్తూనే నన్ను ఇంగ్లీషులో అడిగింది, "మీరే కదా చివరిదాకా ఉన్నారు. ఏమైనా అడిగిందా అత్త?"

చుట్టూ అందరూ నా ముఖంలోకి చూశారు. ఏమీ అడగలేదని చెబితే ఆమె ఇక్కడే, మాకు దక్కుతారు. తెలిసింది నాకూ, ఆ నర్సుకూ మాత్రమే. అనువాదకుడు తనకు మింగుడుపడని వాక్యాన్ని కూడా ఉన్నదున్నట్టు దాటించాలని ఆమే మాకు క్లాసులో చెప్పారు. అమ్మ ఇంటికి తీసుకెళ్లమన్నారని ఉన్నదున్నట్టు చెప్పాను.

"జబ్బులో ఏదో అన్నార్లే తల్లీ, అది పట్టుకుంటామా?" అన్నారు పాస్టర్ గారు. "నలభై ఏళ్లు మనతో ఉన్న మనిషి."

"నిజమేనండి. కానీ అడిగింది అదేనండి" అన్నాను.

లిస్సీ కళ్లు తుడుచుకుని తండ్రికి ఫోన్ చేసింది. తీసుకెళ్తామంది. ఎవరూ కాదనలేకపోయారు. కొందరు నాతో మాట్లాడకుండానే వెళ్లిపోయారు. సాయంత్రానికి అంబులెన్సు చిల్లకల్లు దాటి విజయవాడ వైపు వెళ్లిపోయింది. తవ్విన గొయ్యిని మళ్లీ పూడ్చారు. మట్టి పడుతున్న చప్పుడు నా చెవుల్లోంచి పోవడం లేదు. భర్త పక్కనుంచి విడదీశానా? ఆమె స్వస్థబుద్ధితో ఎంచుకున్న ఊరిని, చివరి పది రోజుల మాటకోసం కాదన్నానా? అడిగి తెలుసుకుందామంటే ఆమె లేరు.

నిన్న లిస్సీ ఫోన్ చేసింది. మేడమ్‌ను వాళ్లమ్మ సమాధి పక్కనే పెట్టారట. పదిహేను మంది వచ్చారట. అత్త ఎలాంటి మనిషో చెప్పడానికి అక్కడ ఎవరికీ ఏమీ తెలియలేదట. "రాతి మీద పేరు కింద ఏం రాయించమంటారు?" అని అడిగింది.

"టీచర్ అని రాయించండి. నందిగామ, జగ్గయ్యపేట అని ఊళ్లు కూడా వేయించండి."

ఆ పేర్లకు ఆమె నోరు తిరగలేదు. ఒక్కో అక్షరం విడివిడిగా చెప్పాను. ఆమె రాసుకుని, తప్పు లేకుండా తిరిగి చదివి వినిపించింది. మలయాళంతో పాటు తెలుగులో కూడా చెక్కించమని, ఆ అక్షరాలు నా చేత్తో రాసి పంపిస్తానని చెప్పాను. ఇవాళ పొద్దున్న తెల్లకాగితం మీద పెద్దగా, గుండ్రంగా రాసి పోస్టు చేశాను. మేడమ్, మీ పాదాలకు నమస్కారం.