మాస్టారి కొలతకు కట్టిన పడవ

మాస్టారు శుక్రవారం పొద్దున్న పోయారు. కబురు నాకు మధ్యాహ్నానికి అందింది. వెళ్లేసరికి వరండాలో పడుకోబెట్టారు. అందరూ దండం పెట్టారు, నేనూ పెట్టాను. ఆయన మీద ఆరేళ్లుగా నాకున్న కోపం మాత్రం పోలేదు. ఆయన కోసం నేను కట్టిన పడవ ఈ రోజు వరకు నీళ్లు తాకలేదు. ఆ సంగతి వదిలేసి ఆయన మంచివారు, గొప్పవారు అని మాత్రమే రాస్తే సగం అబద్ధం రాసినట్టు. అబద్ధం మాస్టారికి గిట్టదు.

నేను ధవళేశ్వరం ఆనకట్ట కింద పడవలు కట్టేవాణ్ణి. చదువు మూడో తరగతితో ఆగింది. తప్పులుంటే మీరే దిద్దుకోండి. మాస్టారు రాజమండ్రి స్కూల్లో డ్రాయింగు చెప్పి రిటైరయ్యారు. కొయ్యతో బొమ్మలు చెక్కేవారు. వంతెనలూ లారీలూ వచ్చాక నా పాకలో పని తగ్గింది. పని లేని పాకకు ఎవరొస్తారు? ఆయనొక్కరే వచ్చేవారు, సాయంత్రం నాలుగింటికి, సైకిలు మీద. దుంగ మీద జేబురుమాలు పరుచుకుని కూర్చునేవారు. రంపపు పొట్టు గుప్పెట్లోకి తీసుకుని వాసన చూసి అది ఏ కర్రో చెప్పేవారు. సగంసార్లు తప్పే.

ఒక రోజు పుస్తకం ఒకటి తెచ్చారు. ఎక్కడో మంచుదేశంలో ఇన్యూట్లు అనే వాళ్లు సముద్రం మీద వేటకు వెళ్లే పడవ బొమ్మలు అందులో ఉన్నాయి. కయాక్ అంటారట. సన్నటి కర్ర చట్రం, దాని మీద జంతువు తోలు, పైన ఒక్క మనిషి దిగి కూర్చునే కంత.

"కట్టగలవా మేస్త్రీ? నా బొమ్మలతో కలిపి ఎగ్జిబిషన్ పెడతాను."

"ఒక్కడికే చోటుంది. మరి రెండోవాడేం చేస్తాడండీ?"

"రెండోవాడు లేడయ్యా. ఎవడి ఒంటి కొలతకు వాడి పడవ."

ఆ మాట నాకు నచ్చలేదు. మా పనిలో కొత్త పడవ దింపితే కట్టినవాడు సొంతదారుతో పాటు ఎక్కి మొదటి ప్రయాణం చేసి తీరాలి. మునిగితే ఇద్దరూ మునుగుతారు. మేమిచ్చే హామీ అదే. అయినా ఒప్పుకున్నాను. చేతికి పని తగిలి రెండేళ్లయింది.

పొడవు మూడు బారలు, కంత వెడల్పు నడుం కంటే రెండు పిడికిళ్లు ఎక్కువ అని పుస్తకంలో చదివి, ఆయనే చేతులు చాచి నిలబడ్డారు. తాడుతో బార తీశాను. నడుం దగ్గరకొచ్చేసరికి మెలికలు తిరిగిపోయారు.

"కదలకండి మాస్టారూ!"

"చక్కిలిగింతలయ్యా!"

"మీరిలా ఊగితే పడవ వంకరొస్తుంది. అప్పుడు నన్ననకండి."

మేకు వాడలేదు. టేకు బద్దలూ వెదురూ తాళ్లతో బిగించాను. తోలుకు బదులు నా దగ్గర మిగిలిన ఆఖరి తెరచాప గుడ్డ కుట్టాను. గుగ్గిలం నూనెలో మరిగించి మూడు పూతలు పూశాను. నాలుగు నెలల పని. ఆ నాలుగు నెలలూ ఆయన పొద్దున్నే వచ్చేసేవారు. పాకలో మాటలు వినబడేవి.

ఎగ్జిబిషన్ హాల్లో పడవను తాళ్లతో పైకి వేలాడదీశారు. కింద ఆయన చెక్కిన మనుషులు తలలెత్తి దాని అడుగుకేసి చూస్తున్నారు.

"నీళ్లలోంచి చూస్తే ఇలా ఉంటుంది. ఎలా ఉంది మేస్త్రీ?"

"నీళ్లలోంచి చూసేవాడు మునిగినవాడే మాస్టారూ."

ఆయన పడీపడీ నవ్వారు. పక్కవాళ్లను పిలిచి నాచేత ఆ మాట మళ్లీ చెప్పించారు. అంతలో ఒక పెద్దమనిషి "ఇది నిజంగా తేలుతుందాండీ?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే మాస్టారు అందుకుని, "తేలక్కర్లేదండి, ఇది కళ" అన్నారు.

భోజనానికి ఆగకుండా వచ్చేశాను. తేలక్కర్లేనిదానికి నేనెందుకు? బీరువాలు చేసేవాణ్ణి పిలవాల్సింది.

రెండు నెలలు ఆయన రాలేదు, నేనూ వెళ్లలేదు. తర్వాత ఒక సాయంత్రం వచ్చి, రుమాలు పరుచుకుని, చాలాసేపు పొట్టు నలుపుతూ కూర్చున్నారు.

"నీ పడవ మీద అనుమానం కాదయ్యా. తేలుతుందంటే కూర్చోమంటారు. నాకు నీళ్లంటే భయం."

పుట్టినప్పటి నుంచీ గోదావరి గట్టునే బతికిన మనిషి. అవతలి ఒడ్డు కొవ్వూరు వెళ్లాలన్నా వంతెన మీద బస్సే, అదీ కిటికీ పక్కన కాదు. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ చెప్పినట్టు లేదు. మోకాల్లోతు నీళ్లలో నేను పట్టుకుంటానన్నాను. వచ్చే వేసవికి అన్నారు. ప్రతి వేసవికీ అదే మాట. గట్టిగా అడిగితే, "తొందరపెట్టకు మేస్త్రీ, గోదారెక్కడికీ పోదు" అనేవారు.

గోదారి పోలేదు. ఇప్పుడు నాలుగయితే నేను పాకలోంచి బయటికొచ్చి రోడ్డుకేసి చూస్తాను. తర్వాత లోపలికి పోతాను. పొద్దంతా ఎవరితో మాట్లాడానో లెక్క వేసుకుంటే ఒక్కోరోజు ఎవరూ తేలరు.

పడవ ఇంకా ఆ హాల్లోనే వేలాడుతోంది. తాళం ఆ హాలు కమిటీవారి దగ్గరుంది. మాస్టారి గుర్తుగా అక్కడే ఉంచుతారట. అస్థికలు పదో రోజున, ఆదివారం, గోదావరిలో కలుపుతున్నారు. ఆ పడవలో పెట్టి తీసుకెళ్దామని ఆయన తమ్ముడుగారిని అడిగాను. ఆయన, "అన్నయ్య భయపడతాడేమోనండి" అన్నారు.

"పక్కన నేనుంటానండి" అన్నాను. ఒప్పుకున్నారు.

కమిటీవారికి నా మాట ఇది. ఆ కంతలో నేను పట్టను, అది ఆయన కొలత. అంచు పట్టుకుని నీళ్లలో నడుస్తాను. తేలినా తేలకపోయినా సాయంత్రానికి తెచ్చి మీ తాళ్లకు మళ్లీ కట్టి ఇస్తాను. ఇది ఆయన కోసమా, నా పంతం కోసమా అని మీలో ఒకరు అడిగారు. రెండూనండి. "ఆలోచిద్దాం" అని ఇప్పటికి రెండుసార్లు అన్నారు. ఆరేళ్ల గాలికి గుడ్డ ఎండిపోయి ఉంటుంది. మళ్లీ ఒక పూత వెయ్యాలి, అది ఆరడానికి రెండు రోజులు కావాలి. నాకు ఫోను లేదు, పాక దగ్గరే ఉంటాను. తాళం ఇస్తారో ఇవ్వరో గురువారం సాయంత్రంలోగా మనిషిచేత చెప్పి పంపండి.