మన్ను గుంతల మంచు సంగతి

నా చిన్నప్పుడు మంచు అంటే మాకు తెలిసింది ఒక్కటే, చలికాలం పొద్దుగాల మేడ్చల్ తోవ మీద కమ్ముకునే తెల్లటి పొగ. అది మనుషులను చంపుతదని మా చిన్నబాపు చెప్తే ఇంట్ల ఎవ్వరం నమ్మలేదు. ఆయన మా బాపుకు తమ్ముడు. మిలిటరీల ఉండె. ఎక్కడో ఉత్తరాన మంచు కొండల మీద డ్యూటీ. ఆ యేడు తన పెండ్లికని సుట్టీ మీద వచ్చిండు.

పెండ్లి ఇల్లు గదా, గోడలకు ఎర్రమన్ను పూయాలె. శామీర్‌పేట దిక్కు పోయే బండ్లబాట పక్కన ఊరోళ్లందరు మన్ను తవ్వుకునే గుంత ఒకటుండె. అక్కడ పైన మొరం, బండ లెక్క గట్టిగ ఉంటది. పూతకు పనికొచ్చే మెత్తటి మన్ను దాని కింద. అందుకని అందరు కిందనే తవ్వుకుంట పోయిన్రు. ఏండ్లకేండ్లు తవ్వంగ అది గుహ లెక్కయింది.

ముందురోజు వాన పడ్డది. మా అమ్మ లోపల గడ్డపారతోని తవ్వుతాంది, నేను బయట తట్ట కాడ కూసున్న. చిన్నబాపు మాకు సద్ది తెచ్చుకుంట, పైన బాట మీది నుంచి చూసిండు. గుంత మీద కప్పు లెక్క నిలబడ్డ గడ్డ అంచుకు కొంచెం ఎనక, సన్నగ పొడుగ్గ పగులు పట్టింది. దూరంగ సుట్టు తిరిగి కిందికి వచ్చిండు.

"వదినా, జల్దీ బయటికి రా."

"ఇంకో తట్ట నిండనియ్యి. నీ పెండ్లికేనాయె!" అన్నది అమ్మ, తల గూడ తిప్పకుండ.

ఆయన నా దిక్కు వచ్చిండు. నా జబ్బ పట్టి గట్టిగ గిచ్చిండు. నేను ఊరంత వినపడేటట్టు మొత్తుకున్న. పిల్లను పాము కరిచిందనుకొని అమ్మ గడ్డపార ఆడనే పడేసి ఉరికొచ్చింది. సంగతి తెలిసినంక తట్టతోని ఆయన వీపు మీద రెండేసింది.

గడ్డ మాత్రం పడలేదు. చాలాసేపు చూసినం, ఒక్క పెల్ల రాలలేదు. ఇంటికొచ్చి అమ్మ అందరికి చెప్పి నవ్వింది. మంచుల తిరిగి మన్నుకు గూడ భయపడుతున్నడు, రేపు పెండ్లిపిల్లను చూసి పారిపోతడని. తెల్లారి పోయి గడ్డపార తెచ్చుకుంట అన్నది.

ఆ సాయంత్రం ఆయన చాట తీసుకున్నడు. అందుల తడిపిండి అదిమి, దాని మీద ఆవాలు చల్లి, ఆ పైన మళ్ల తడిపిండి మందంగ పరిచి గట్టిగ ఒత్తిండు. పిండి పాడుచేస్తున్నడని అవ్వ లొల్లి పెట్టింది. మంచు గూడ గిట్లనే పొరలు పొరలుగ పడుతదని, చలికి నడిమి పొర ఒకటి రవ్వ లెక్కయి పట్టు తప్పుతదని, పైన నడిచేటోనికి మాత్రం గట్టిగనే అనిపిస్తదని చెప్పిండు. చాటను ఏటవాలుగ పట్టి నన్ను ఏలుతోని ఒత్తుమన్నడు. ఏం కాలే. అవ్వ ఒత్తింది. ఏం కాలే. అమ్మ నవ్వుకుంట ఊరికె ముట్టింది. పై పొరంత ఒక్కసారే జారి ఆమె ఒళ్లె పడ్డది.

అడుగు పెట్టే ముందు మంచుల గుంత తీసి పొరలు చూడాలెనట. ఆయన జతగాడు చూడలేదు. నిన్న నడిచిన దారే గదా అన్నడట. అతన్ని మంచు కింద నుంచి తవ్వి తీసింది మా చిన్నబాపే.

అమ్మ ఒళ్లె పడ్డ పిండిని మళ్ల చాటల ఎత్తింది.

"అయితే మన గడ్డ గూడ పడుతదంటవా?" అని అడిగింది అమ్మ.

"పడకపోవచ్చు వదినా. నాకు తెల్వదు. తెల్వకనే నిన్ను బయటికి తెచ్చిన."

అమ్మ గడ్డపార కోసం పోలేదు. దూరం పోయి ఇంకో కాడ మన్ను తెచ్చింది, ప్రతి తట్టకు మరిదిని తిట్టుకుంట. ఆ గడ్డ ఆ వానకాలం పడలేదు. తర్వాత గూడ పడలేదు. ప్లాట్లు చేసేటోళ్లు మిషిన్ తెచ్చి దాన్ని సాపు జేసిన్రు. ఉత్తగనే భయపెట్టినవని చుట్టాలు ఆయనను ముసలితనం దాక ఎక్కిరించిన్రు.

అక్షరాలు నాకు ఆలస్యంగ వచ్చినయి. ఇప్పుడు పేపర్ల మంచుచరియ కింద ఎవరో పోయిన్రని చదివితే, వాళ్లకంటె ముందు అదే దారిన ఎంతమంది పాటలు పాడుకుంట పోయొచ్చిన్రో అనుకుంట. మా కాలనీల సెల్లారు తవ్వే కాడ కూలోళ్లు నిలువుగ తవ్విన మన్ను గోడ కింద అన్నం తింటరు. లెవ్వున్రి అంటే, ఇన్ని రోజులు ఏం కాలే గదవ్వా అంటరు. ఆ మాట వింటే అందరికి ధైర్యమొస్తది, నాకు చాటల ఆవాల పొర యాదికొస్తది. వాళ్లతోని వాదం పెట్టుకోను. టిఫిన్ డబ్బా గుంజుకొని గోడకు దూరంగ ఎండల పెడత. ముసల్దానికి పిచ్చి అని తిట్టుకుంట నా ఎనక వస్తరు. రానియ్యి.