గుండీలమ్మ మోకాళ్ళ నొప్పి

మా కుట్టుషెడ్డులో ఎనిమిది మిషన్లు, ఒక ఇస్త్రీబల్ల, కిటికీ పక్కన ఒక పీట ఉంటాయి. ఆ పీట గుండీలమ్మది. బడిపిల్లల తెల్లచొక్కాలకు గుండీలు కుట్టడం ఆమె పని. అరవై దాటిన ఆ మనిషిని అసలు పేరుతో పిలిచినవాళ్ళను నేను చూడలేదు. దారాన్ని కొవ్వొత్తి ముక్క మీద రెండుసార్లు లాగి, సూదిలోకి ఎక్కించమని నాకిస్తుంది. "కళ్ళు నీవి, చేతులు నావి. ఇద్దరం కలిస్తే ఒక మనిషి," అంటుంది.

ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసి నేను ఈ షెడ్డులో మిషను కుట్టడానికి వచ్చాను. నలుగురిలో నోరు తెరవడం నాకు చేతకాదు. అందుకే చూస్తూ ఉంటాను. ఎక్కువగా చూసింది ఆమెనే.

ఆమె లేచేటప్పుడు రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, కళ్ళు మూసుకుని, "ప్రభువా" అని ఊపిరి వదిలి అప్పుడు లేస్తుంది. మందిరంలోనూ అంతే. మంచివాళ్ళను చూసి నడుచుకోండని పాస్టరుగారు చెప్పాక, ఆదివారం బడి పిల్లలంతా పాటకు లేచేముందు మోకాళ్ళ మీద చేతులు పెట్టి కళ్ళు మూసుకోవడం మొదలుపెట్టారు. పిల్లల్లో భక్తి పెరిగిందని పాస్టరమ్మగారు మురిసిపోయారు. నిజం చెప్పాలంటే నేనూ అలాగే లేచేదాన్ని.

సంగతి తెలిసి గుండీలమ్మ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "అది కీళ్ళనొప్పి రా నాయనలారా. నా దగ్గర నేర్చుకోడానికి మీకు అదే దొరికిందా?"

నేర్చుకోవలసింది ఇంకొకటి ఉందని నాకు తెలుసు. ఒకసారి ఆమె కత్తెర కనబడలేదు. "నువ్వే తీసి ఎక్కడో పడేసుంటావు, పరధ్యానం పిల్లా," అని అందరూ వింటుండగా నన్ను కసిరింది. భోజనాల తర్వాత అది ఆమె సంచిలోనే దొరికింది. నా చెవిలో చెప్పి ఊరుకుంటే సరిపోయేది. కానీ ఆమె మోకాళ్ళు పట్టుకుని లేచి, మిషన్లన్నీ ఆగేదాకా నిలబడి, "కత్తెర నా సంచిలోనే ఉంది. ఈ పిల్లను అన్న మాట తప్పు. క్షమించు తల్లీ," అంది. సిగ్గుతో నేను చచ్చిపోయాను.

"అంతమందిలో ఎందుకు అమ్మమ్మా?" అన్నాను తర్వాత.

"అన్నది అంతమందిలోనేగా. మా అత్త దగ్గర నేర్చుకున్నాలే. ఒకసారి చుట్టాల ముందు నన్ను మాట అని, వాళ్ళు గడప దాటకముందే, వాళ్ళ ముందే క్షమించమంది. అత్త కోడల్ని అడగడం ఎక్కడైనా విన్నావా? ఆవిడ కూడా సొంతంగా కనిపెట్టలేదు. ప్రభువు తనను క్షమించిన తీరు గుర్తొచ్చిందట."

మొన్న ఒక ఉదయం ఇస్త్రీబల్ల మీద పన్నెండు చొక్కాల మీద పసుపుమరకలు తేలాయి. షెడ్డు నడిపే మాస్టరు ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూసి ఇస్త్రీ బాబాయి మీద విరుచుకుపడ్డాడు.

"ఇస్త్రీపెట్టె అడుగు తుడవమని ఎన్నిసార్లు చెప్పాలి? పోయిన నెల కాలర్ కాల్చావు. ఇక చాలు, సంచి సర్దుకో."

"తుడిచాను మాస్టారూ. కావాలంటే మీ రుమాలుతో రుద్ది చూడండి."

మాస్టరు చూడలేదు. బాబాయి నీళ్ళ సీసా, తడిగుడ్డ సంచిలో పెట్టుకోసాగాడు.

ఆ చొక్కాలు నేను కుట్టినవి. ముందురోజు మిషనుకు నూనె వేసి, మిగులు నూనె పోయేలా పాతగుడ్డ మీద నాలుగు కుట్లు వేయకుండా నేరుగా చొక్కాలు ఎక్కించాను. అప్పుడు కనబడని పల్చటి నూనె వేడి తగిలి పైకి వచ్చింది.  తర్వాత మాస్టరు ఒక్కడే ఉన్నప్పుడు మెల్లగా చెబుదామనుకున్నాను. ఈలోగా బాబాయి చెప్పులు వేసుకుంటున్నాడు. గుండీలమ్మ వైపు చూశాను. ఏమీ తెలియని ఆమె కొవ్వొత్తి ముక్క మీద దారం లాగుతోంది.

 రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టి, కళ్ళు మూసుకుని, "ప్రభువా" అన్నాను. లేచాను.

"మాస్టారూ, ఆ నూనె నా మిషనుది. బాబాయి తప్పు లేదు."

గొంతు పిల్లికూన గొంతులా వచ్చింది. "గట్టిగా చెప్పు," అన్నాడు మాస్టరు. మళ్ళీ చెప్పాను. మిషన్లు ఆగాయి.

"నూనె వేశాక పాతగుడ్డ మీద కుట్టాలని తెలీదా?"

"తెలుసు. మర్చిపోయాను. బాబాయిని అంటుంటే ఊరుకోవడం ఇంకా తప్పు. క్షమించు బాబాయ్."

బాబాయి నన్ను ఎగాదిగా చూశాడు. "నీకు మాటలొచ్చని ఇవాళే తెలిసింది," అన్నాడు. ఎవరో నవ్వారు. మాస్టరు రుమాలు తీసి పెట్టె అడుగున రుద్దాడు. రుమాలు తెల్లగానే ఉంది. "సంచి అక్కడ పెట్టు," అన్నాడు బాబాయితో. "మరకలు పోయేదాకా నీకు ఇల్లు లేదు," అన్నాడు నాతో.

మధ్యాహ్నం నేల మీద కూర్చుని మరకల మీద సుద్దపొడి రుద్దుతుంటే, గుండీలమ్మ పీట లాక్కొచ్చుకుని ఆరు చొక్కాలు ఒళ్ళోకి తీసుకుంది.

"నీకెప్పుడొచ్చాయే మోకాళ్ళ నొప్పులు?"

"నీ దగ్గరే అంటుకున్నాయి అమ్మమ్మా."

"దానికి మందు లేదు. అలవాటు చేసుకో."

సుద్ద పట్టించిన చొక్కా మీద గుడ్డ కప్పి ఇస్త్రీ చేస్తే నూనె ఆ గుడ్డలోకి పోతుంది. మొదటి చొక్కా తీసుకెళ్ళి బల్ల మీద పరిచాను. బాబాయి పెట్టె చేతిలో పట్టుకుని ఆగాడు.

"ఈసారైనా పాతగుడ్డ తెచ్చావా, తల్లీ?"