బకెట్ల కొట్టువాడి నలభై

ఫోన్లో అబద్ధాలు వినడం ఆవిడ ఉద్యోగం. విని ఊరుకుంటే కుదరదు, వాటిని నలభై అయిదుతో హెచ్చవేయాలి కూడా.

అమ్మకాల లెక్కలు తీసే ఆ ఆఫీసులో పందొమ్మిదేళ్లుగా ఉన్నందుకు అందరూ ఆవిడను పెద్దక్క అనేవారు. సబ్బులు, టీవీలు, మిక్సీలు లెక్కపెట్టాక, చివరికి గేమ్ కన్సోళ్లు ఆవిడ వంతుకొచ్చాయి. టీవీకి తగిలించి ఆటలాడుకునే ఆ పెట్టెను ఆవిడ ఏనాడూ చేత్తో ముట్టుకోలేదు. అయినా దేశంలో ఎన్ని అమ్ముడుపోయాయో తేల్చేది ఆవిడ టేబులే.

బజారులో తెల్లపెట్టె ఒక కంపెనీది, నల్లపెట్టె దాని పోటీదారుది. అవి అమ్మే కొట్లు దేశంలో పద్దెనిమిది వందలున్నాయి. అన్నింటినీ అడిగే ఓపిక ఎవరికీ లేక నలభై కొట్లను ఏరారు. సోమవారం పొద్దున్నే పెద్దక్క వాళ్లకు ఫోన్ చేసి, పోయిన వారం తెల్లవెన్ని, నల్లవెన్ని అని అడిగేది. ఒకడు బేరం మధ్యలో ఉండి, “ఏదో ఒకటి మీరే వేసుకోండమ్మా” అనేవాడు. ఇంకొకడు, “పోయినసారి ఎంత చెప్పాను? అదే రాయండి” అనేవాడు. ఈ కాకిలెక్కను నలభై అయిదు రెట్లు చేస్తే గురువారానికి అది దేశం లెక్క అయి కూర్చునేది.

మేనేజరును వెనకాల శాతాలాయన అనేవారు. పక్కవాడు తుమ్మినా పోయిన ఏడాదితో పోల్చి ఎంత శాతం పెరిగిందో చెప్పగల మనిషి. ఆయన ఆ రెండు కంపెనీలూ చెప్పుకునే సొంత అంకెలను కూడా రిపోర్టులో పక్కపక్కనే అచ్చేయించేవాడు. తెల్లపెట్టె కంపెనీ తన గోడౌన్ గేటు దాటిన ప్రతి పెట్టెనూ అమ్మేసినట్టే చెప్పేది, అది కొట్లో అటక మీద దుమ్ము తింటున్నా సరే. నల్లపెట్టె కంపెనీ జనం ఇళ్లకు చేరినవే చెప్పేది గానీ, తయారీ ఆపేసిన పాత మోడల్‌ను కూడా అందులో కలిపేసేది.

“ఒకడు గుడ్లు లెక్కపెడతాడు, ఇంకొకడు చచ్చినవాటితో సహా కోళ్లను లెక్కపెడతాడు. మీరేమో ఎవరి ఫారం పెద్దదో తేల్చేస్తారు” అంది పెద్దక్క ఒకసారి.

“పాఠకుడికి పోలిక కావాలి కదండీ” అన్నాడాయన. బుద్ధి ఎవరికి కావాలో మాత్రం చెప్పలేదు.

ఇంట్లో ఇంకా దారుణం. తమ్ముడిది తెల్లపెట్టె, మరిదిది నల్లపెట్టె. ఇద్దరికీ ముప్పయ్యేళ్లు దాటాయి. ఒకడికి పొట్ట, ఇంకొకడికి బట్టతల వచ్చాయి గానీ జ్ఞానం రాలేదు. గురువారం రిపోర్టు రాగానే, ఆ కంపెనీలు వీళ్ల తాతల ఆస్తి అయినట్టు తగువు మొదలయ్యేది.

“విడుదలైన అరవయ్యో వారానికి మాదే ఎక్కువ” అనేవాడు మరిది.

“మీది పండగ సీజన్లో దిగింది, మాది వానల్లో. వారాలు సరిచేసి చూడు” అనేవాడు తమ్ముడు.

ఆ ఏడు మొత్తం అమ్మకాల్లో తెల్లపెట్టె అరవై వేలు ముందుకెళ్లింది. తమ్ముడు వీధంతా మిఠాయి పంచాడు. తోడబుట్టిన అక్కకు ప్రమోషన్ వచ్చినప్పుడు అరటిపండు కూడా కొనని వాడు.

మరుసటి నెల పెద్దక్క పంటి డాక్టరు దగ్గరికి ఊరి అవతలి కొసకు వెళ్లింది. వస్తూ ఒక బోర్డు చూసి ఆగిపోయింది. తన జాబితాలోని కొట్టే. వారం వారం తప్పకుండా నలభై తెల్లపెట్టెలు చెప్పే కొట్టు. బోర్డు పాతదే, లోపల మాత్రం కప్పు దాకా ప్లాస్టిక్ బకెట్లు ఉన్నాయి.

“గేమ్ పెట్టెలేవండీ?”

“అవి మానేసి పదకొండు నెలలైందమ్మా” అన్నాడు స్టూలు మీది మనిషి. ఆవిడకు ఆ గొంతు చిరపరిచితం.

“మరి సోమవారం సోమవారం నలభై అంటున్నారు?”

అతను ఆవిడను పోల్చుకుని నాలిక కరుచుకున్నాడు. “మీరంత మర్యాదగా అడుగుతారు, లేవని చెప్పడానికి నోరు రాలేదమ్మా. పైగా సున్నా అంటే మీరు మళ్లీ ఫోన్ చెయ్యరేమోనని. పొద్దున్నే నన్ను పలకరించేది మీరొక్కరే.”

ఆవిడకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. బస్సులో కూర్చుని టికెట్ వెనకాల హెచ్చవేసింది. నలభై, నలభై అయిదు సార్లు, నలభై ఎనిమిది వారాలు. ఎనభై ఆరు వేల నాలుగు వందలు! దేశం మొత్తం మీద తెల్లపెట్టెను గెలిపించింది ఒక బకెట్ల కొట్టు.

ఆపైన రెండు శనివారాలు, జాబితాలో ఆ ఊళ్లోవే అయిన మిగతా కొట్లన్నీ సొంత కాళ్లతో తిరిగింది. ఒకటి మూతపడింది, ఇంకొకటి ఫోన్ల కొట్టయింది. చూసిందంతా ఒక కాగితం మీద రాసి శాతాలాయన ముందు పెట్టింది.

“ఇప్పుడివి తీసేస్తే గీత ధబాలున పడిపోతుందండీ” అన్నాడాయన.

“లేని పెట్టెల మీద నిలబడ్డ గీత పడితే పడనివ్వండి.”

“మనది అంచనా. అంచనాలో తప్పుండదు, తేడా ఉంటుంది.”

“అయితే ఆ తేడా కింద మీ సంతకం పెట్టండి. నేను పెట్టను” అంది ఆవిడ. పందొమ్మిదేళ్లలో మొదటిసారి రిపోర్టు మీద సంతకం చేయకుండా లేచి వచ్చేసింది.

సంతకం లేకుండా రిపోర్టు కదలదు, ఆయన తన సంతకం పెట్టడు. రెండు రోజులు గింజుకుని చివరికి కొట్లు మార్చాడు, పాత వారాలు సరిదిద్దాడు. నల్లపెట్టె ముందుకొచ్చింది. అట్టడుగున చీమ తలకాయంత అక్షరాలతో “లెక్కింపు పద్ధతి మారినందున పాత అంకెలతో పోల్చరాదు” అని వేశారు. పత్రికలన్నీ పాత అంకెలతోనే పోల్చి, తెల్లపెట్టె కుప్పకూలిందని రాశాయి.

ఆఫీసులో జరిగిందంతా చెబితే బుద్ధొస్తుందేమోనని ఆవిడ ఇంట్లో తమ్ముణ్ణీ మరిదినీ కూర్చోబెట్టి చెప్పింది.

“చూశావా వదినా, న్యాయం గెలిచింది!” అన్నాడు మరిది.

“నల్లపెట్టె లెక్కలో ఎన్ని బకెట్ల కొట్లున్నాయో, అది కూడా తేల్చక్కా!” అన్నాడు తమ్ముడు. కుందేటికి మూడే కాళ్లనేవాడికి నాలుగో కాలు పట్టుకుని చూపినా లాభం లేదు.

నెల తిరక్కుండానే ఆవిడను ప్రెషర్ కుక్కర్ల విభాగానికి మార్చారు. శిక్ష అనుకున్నాడు శాతాలాయన. కుక్కర్ల కోసం కొట్టుకు చచ్చే అభిమానులు లేరు కనక, కొట్లకు వెళ్లి చూసి లెక్కపెడతానంటే అక్కడెవరూ అడ్డం చెప్పలేదు. వారానికి రెండు రోజులు చెప్పులరిగేలా తిరిగి, అటక మీదివి కూడా దింపించి చూసి రాసుకొస్తోంది.

కన్సోళ్ల టేబుల్ దగ్గర ఇప్పుడు కొత్తగా చేరినాయన కూర్చుంటున్నాడు. సోమవారం పదకొండు గంటలకల్లా నలభై కొట్లూ పూర్తి చేస్తాడట. చాలా చురుకైనవాడని శాతాలాయన మెచ్చుకుంటున్నాడు.