తవుడు మూట

ఆత్మకూరు బజారులో పశువుల దాణా అంగడి ముందు తవుడు వాసన తగిలితే చాలు, నా అరచేతులు వాటంతటవే ఒకదానిమీద ఒకటి చేరతాయి. ఆ వెంటనే రహీం డాక్టరుగారు గుర్తొస్తారు.

ఆయన నెల్లూరులో అత్యవసర వార్డు డాక్టరు. ఎనభైల మొదట్లో సెలవు రోజున బస్సెక్కి దుత్తలూరు, ఉదయగిరి వైపు వచ్చేవారు. చంకలో తవుడు కుక్కిన గోనెసంచి ఉండేది. దాన్నే మనిషనుకొని నొక్కమంటూ, ఆగిన గుండెను చేతులతో ఎలా నడిపించాలో డ్రైవర్లకు, బడి అయ్యవార్లకు, కూలికి పోయే ఆడవాళ్లకు నేర్పేవారు. డాక్టరు వచ్చేదాకా గుండె కాచుకొని ఉండదు అనేవారు.

ఉదయగిరిలో మా చర్చి సంఘం పిల్లలకు నేను బైబిలు వాక్యం చెప్పేదాన్ని. ఆ మూట ముందు మొండికేశాను. ఊపిరి పోసేదీ తీసేదీ దేవుడే కదా, మధ్యలో ఈ తవుడేంది అన్నాను. ఆయన నవ్వారు. "ఆదామును దేవుడు మట్టి పిసికి చేసినాడు గదమ్మా. మరి నీకు చేతులిచ్చింది ఎందుకు?" మూటను ఇరవైసార్లు నొక్కి లేచిపోయాను.

తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక మళ్లీ నేర్పుదామని డాక్టరుగారు వచ్చి, వెనక చాపమీద కూర్చున్నారు. సంఘపెద్ద అయిన మా నాయన పాట ఎత్తుకోబోతూ మైకు పట్టుకున్నాడు. కరెంటు కొట్టింది. ఎవరో స్విచ్చి ఆపేసరికి నాయన నేలమీద ఉన్నాడు. ఊపిరి లేదు. అందరం మోకాళ్లూని, మా అలవాటు ప్రకారం ఆయన తలమీద చేతులుంచి ప్రార్థన మొదలుపెట్టాం. నేర్చుకున్నది ఒక్కటీ నాకు గుర్తు రాలేదు.

డాక్టరుగారు జనాన్ని తప్పించుకొని వచ్చి మెడ పక్కన నాడి పట్టి చూశారు. గొంతు పెంచలేదు.

"ప్రార్థన ఆపబాకమ్మా. చెయ్యి మాత్రం తలమీద నుంచి ఎదమీదికి దించు."

మీరే చెయ్యండి సార్ అని ఏడ్చాను.

"నేను ఊపిరి ఊదతా, నువ్వు నొక్కు. రేపు ఇంకొకరు పడితే నేనీడ ఉంటానా?"

నొక్కాను. చేతుల కింద పక్కటెముక పటుక్కుమంది. భయపడి చేతులు తీయబోతే, కానీయమన్నట్టు తల ఊపారు. చుట్టూ ప్రార్థన సాగుతూనే ఉంది. ఎంతసేపో తెలియదు. నాయన దగ్గాడు.

"దేవుడు ఆదాము పక్కటెముక తీసి ఆడదాన్ని చేసినాడు, నా బిడ్డ దాన్నే విరగ్గొట్టింది" అని నాయన బతికినన్నాళ్లూ చెప్పుకొని నవ్వాడు. ఆ రోజు డాక్టరుగారు మూటను నాకే వదిలి బస్సెక్కారు.

ఇప్పటికీ ఎవరి తలమీదైనా చెయ్యుంచి ప్రార్థించేటప్పుడు, నా రెండో చెయ్యి వాళ్ల మెడ పక్కన నాడిని వెతుక్కుంటుంది. అది దొరికాకే కళ్లు మూసుకుంటాను.